అరువదేండ్ల మేళము

బ్యాండు అనగానే మనకు పెండ్లి ఊరేగింపులో ముందు నడచు మేళము జ్ఞప్తికి వచ్చును. పాశ్చాత్య దేశములలో ఆ మాటకు మరియొక అర్థము కూడ కలదు. నలుగురైదుగురు కలసి, తమ పాటలను తామే కట్టుకొని, తామే వాయించుచు పాడుచు ఊరూర తిరిగెడి చిన్న మేళమును కూడ వారు బ్యాండు అందురు. విద్యుచ్ఛక్తితో ధ్వనిని పెంచెడి గిటారులు, మంద్రస్వరములు పలికెడి బేస్ గిటారు, కఱ్ఱలతో వాయించెడి డ్రమ్ములు, ఒక గాయకుడు - ఇవి రాక్ సంగీత మేళమునకు ముఖ్యాంగములు.

ఇట్టి మేళములు పుట్టుట సులభము, నిలుచుట కష్టము. పేరును ధనమును వచ్చిన కొలది తగవులు పెరిగి, పెక్కు మేళములు చెదరిపోవును. జగత్ప్రసిద్ధి గాంచిన బీటిల్సు మేళము సయితము 1970లో విడిపోయెను. అట్లు చెదరక అరువదేండ్లకు పైగా నిలిచిన మేళమొకటి ఇంగ్లండులో కలదు. దాని పేరు రోలింగ్ స్టోన్సు. అది ఎట్లు నిలిచినదో తెలిసికొందము.

లండను నగరమునకు చేరువన కెంటు మండలములో డార్ట్‌ఫర్డు అను పట్టణము కలదు. మిక్ జాగరు, కీత్ రిచర్డ్సు అను ఇరువురు 1943లో ఆ ఊరనే జన్మించి, ఒకే ప్రాథమిక పాఠశాలలో చదివిరి. పిదప వారి కుటుంబములు ఇండ్లు మారుటచే బాలురు విడిపోయిరి. 1961 అక్టోబరులో ఒకనాడు డార్ట్‌ఫర్డు రైలు స్టేషనులో వారు మరల కలిసికొనిరి. జాగరు చేతిలో కొన్ని గ్రామఫోను రికార్డులుండెను. అవి చక్ బెరీ, మడ్డీ వాటర్సు అను అమెరికా నల్లజాతి గాయకులవి. ఆనాడు ఇంగ్లండులో అట్టి రికార్డులు దొరకుట అరుదు. వానిని చూడగానే రిచర్డ్సుకు ప్రాణము లేచివచ్చెను. తనకు ప్రియమైన సంగీతమే ఇతనికిని ప్రియమని తెలియగా పాత పరిచయము కొత్త స్నేహమయ్యెను.

ఆ మడ్డీ వాటర్సు ఎవరు? అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రమున ప్రత్తి చేలలో కూలి చేసిన శ్రమజీవి. ఒకప్పుడు బానిసలుగా బ్రదికిన ప్రజల సంతతివారు తమ కష్టసుఖములను చెప్పుకొనుటకు కల్పించుకొన్న గానపద్ధతిని బ్లూసు అందురు. దాని చట్రము చిన్నది. దానిలో ఇముడు దుఃఖము పెద్దది. 1943లో వాటర్సు ఆ గానమును వెంటగొని చికాగో నగరమునకు చేరెను. నగరపు రొదలో మామూలు గిటారు వినబడదు గనుక విద్యుత్తు గిటారును చేపట్టెను. 1950లో ఆయన పాడిన ఒక పాట పేరు ‘రోలిన్ స్టోన్’, అనగా దొర్లెడి రాయి. బ్రయన్ జోన్సు అను యువకుడు జాగరును, రిచర్డ్సును, మరికొందరిని చేర్చి మేళమును కూర్చినపుడు, ఆ పాట పేరునే దానికి పెట్టెను. 1962 జూలై 12వ తేదీన లండనులోని మార్కీ క్లబ్బులో వారి మొదటి కచేరి జరిగెను. మరుసటి సంవత్సరారంభమునకు బిల్ వైమను, చార్లీ వాట్సు కూడ చేరిరి.

మొదట వారు గురువుల పాటలనే పాడిరి. తరువాత స్వయముగ పాటలు కట్టుట నేర్చి, 1965లో ‘సాటిస్‌ఫాక్షన్’ అను పాటతో లోకప్రసిద్ధులైరి. ఆ యేడే అమెరికాలో ఒక టెలివిజను కార్యక్రమమునకు వారికి ఆహ్వానము వచ్చెను. బ్లూసు విద్వాంసుడైన హౌలిన్ ఉల్ఫును కూడ పిలువవలెనని వారు పట్టుపట్టిరి. ఆయన పాడుచుండగా చెంత నేలపై కూర్చుండి వినిరి. స్వదేశమున పెక్కుమంది శ్వేతజాతి యువకులెరుగని విద్వాంసుని ఆ దేశపు ఇండ్లకు చూపినవారు విదేశీయులైన శిష్యులు. అయినను ఒక సత్యమును మరువరాదు. గురువులు చిన్న శాలలలో పాడుచుండగా శిష్యులు మహామైదానములు నింపిరి. ఈ ఋణము వందనముతో తీరునది కాదు.

వీరి నడత అంతయు మెచ్చదగినదని చెప్పజాలము. తొలినాటి పియానో వాద్యకుడు ఇయన్ స్టూఅర్టు రూపము మేళమునకు తగదని మేనేజరు 1963లో అతనిని తొలగించెను, తోటివారు అడ్డుపడలేదు. ఆ ఉదారుడు అలిగి పోక, వాద్యములు మోయుచు, రికార్డులలో పియానో వాయించుచు, 1985లో మరణించువరకు వారితోనే ఉండెను. మేళమును కూర్చిన బ్రయన్ జోన్సు మాదకద్రవ్యములకు లోనై, 1969 జూన్‌లో మేళమునకు దూరమై, మరుసటి నెలలోనే తన యింటి ఈతకొలనిలో మరణించెను. అప్పటికి అతని వయస్సు 27 ఏండ్లు. రిచర్డ్సు కూడ ఆ వ్యసనమున చిక్కి 1977లో కెనడాలో నిర్బంధింపబడెను. న్యాయస్థానము అతనిని కారాగారమునకు పంపక, అంధుల సహాయార్థము కచేరి చేయుమని ఆదేశించెను. 1979లో అతడా కచేరి చేసెను. కీర్తి వ్యసనమునుండి కాపాడదని ఈ జీవితములు తెలుపుచున్నవి.

1980వ దశకమున జాగరుకును రిచర్డ్సుకును వైరము ముదిరెను. జాగరు వేరుగా రికార్డు వెలువరించెను. రిచర్డ్సు పత్రికలలో అతనిని నిందించెను. మేళము ముగిసెనని లోకము తలచెను. 1989 ఆరంభమున ఇరువురును బార్బడోసు ద్వీపములో కలిసి, గిటారులు చేతబట్టి పాటలు కట్ట నారంభించిరి. ఆ యేడే కొత్త రికార్డు వెలువడెను. లోకసంచారము మరల సాగెను. 2003 ఏప్రిల్‌లో వారు మన దేశమునకు వచ్చి బెంగుళూరులోను బొంబాయిలోను కూడ పాడిరి.

మన సన్నాయి మేళములో డోలు వలెనే రాక్ మేళమునకు డ్రమ్ములు ఆధారము. చార్లీ వాట్సు 1963 మొదలు ఆ స్థానమున కూర్చుండెను. వేదికపై అతడు పెద్ద వాద్యసామగ్రిని పేర్చుకొనలేదు. చిన్న డ్రమ్ములతోనే తృప్తిపడెను. ఊరూర తిరుగునపుడు తాను పరుండిన హోటలు మంచముల బొమ్మలు గీసికొనుట అతని అలవాటు. తోటివారు కలహించినను అతని లయ తప్పలేదు. 2021 ఆగస్టు 24వ తేదీన తన 80 ఏండ్ల వయస్సున అతడు మరణించెను.

మిగిలినవారు ఆగలేదు. 2023లో ‘హాక్నీ డైమండ్స్’ అను రికార్డు వెలువరించిరి. వాట్సు మరణమునకు ముందు వాయించిన రెండు పాటలు అందులో కలవు. ఆ రికార్డు చివర జాగరు, రిచర్డ్సు ఇరువురే కూర్చుండి పాడిన పాట యేదనుకొందురు? తమకు పేరునిచ్చిన మడ్డీ వాటర్సు పాటయే! 2024లో అమెరికాలో తిరిగి కచేరీలు చేసిన నాటికి ఇరువురును 80 ఏండ్లు నిండినవారు.

రైలు స్టేషనులో వారిని కలిపినది ఆ గురువు రికార్డే. ముదిమిలో వారు మరల పాడినది ఆయన పాటయే. వారి స్నేహము పలుమారులు చెడెను, కాని ఇరువురకును ప్రియమైన విద్య చెడలేదు. వారు మరల కలిసిన ప్రతిసారి ఆ విద్యకడనే కలిసిరి. బాలలారా! రేపు మీరును నలుగురితో కలిసి ఏదో ఒక పని చేయవలసియుండును. అభిప్రాయభేదములు రాక తప్పవు. అపుడు మీ అందరికంటె పెద్దదైన ఆ పనిని తలచుకొనుడు. విడిపోయినవారు తిరిగివచ్చుటకు ఆ త్రోవ ఎన్నడును మూసికొనదు.