ఫోన్ ఎత్తినవారి బాధ్యత

భార్యను కొడితే నేరమని చట్టాలు ఎప్పుడో చెప్పాయి. అలాంటప్పుడు గృహహింస లేకుండా బతకడం మానవ హక్కు అని వేరే చెప్పాల్సిన అవసరమేమిటి? నేరం అన్నప్పుడు మన కళ్లు కొట్టినవాడి మీదే ఉంటాయి. హక్కు అన్నామంటే, ఆమె ఫోన్ చేసినప్పుడు ప్రభుత్వం ఏం చేసిందని కూడా అడగాలి. ఈ తేడా ఎంత పెద్దదో అమెరికాలో ఒక తల్లి కేసు చూస్తే తెలుస్తుంది.

కొలరాడో రాష్ట్రంలో కాజిల్ రాక్ అనే ఊళ్లో ఉండే జెస్సికా గొంజాలెస్ 1999లో భర్తకు దూరంగా ఉంటూ కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది. ఒప్పుకున్న వేళల్లో పిల్లల్ని చూడటానికి తప్ప అతను ఆ ఛాయలకు రాకూడదు. మాట మీరితే అరెస్టు చేయాలని ఉత్తర్వు వెనకవైపే పోలీసులకు అచ్చువేసి ఉంది. జూన్ 22 సాయంత్రం ఇంటి బయట ఆడుకుంటున్న ముగ్గురు ఆడపిల్లల్ని అతను చెప్పకుండా తీసుకుపోయాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేసింది. పది గంటల దాకా చూడమన్నారు. పది దాటాక మళ్లీ చేస్తే అర్ధరాత్రి దాకా ఆగమన్నారు. అర్ధరాత్రి దాటాక స్టేషన్‌కే వెళ్లింది. ఫిర్యాదు రాసుకున్న అధికారి భోజనానికి వెళ్లిపోయాడు. తెల్లవారుజామున మూడున్నరకు కాస్త ముందు భర్తే స్టేషన్‌కు వచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. పోలీసుల తూటాలకు చనిపోయాడు. అతని ట్రక్కులో ముగ్గురు పిల్లల శవాలు దొరికాయి.

తల్లి కోర్టుకెక్కింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురికి ఇద్దరి తేడాతో ఆమె వాదనను తోసిపుచ్చింది. ఉత్తర్వును పోలీసులు అమలు చేసి తీరాలని పట్టుబట్టే హక్కు రాజ్యాంగం ఆమెకు ఇవ్వలేదట! చేతిలో కోర్టు కాగితం ఉన్నా, దాన్ని పట్టించుకోవాలో వద్దో పోలీసుల ఇష్టమేనన్నమాట.

సొంత దేశంలో దారులు మూసుకుపోయాక ఆమె అమెరికా ఖండాల దేశాలకు ఉమ్మడిగా ఉన్న మానవ హక్కుల కమిషన్ తలుపు తట్టింది. ఆ కమిషన్‌కు ఇలాంటి ఫిర్యాదు కొత్త కాదు. నిద్రలో ఉండగా భర్త తుపాకీతో కాల్చడంతో నడుము కింద చచ్చుబడిపోయిన మరియా ద పెన్యా కేసును బ్రెజిల్ కోర్టులు ఏళ్ల తరబడి నాన్చాయి. అందుకు ఆ దేశాన్నే 2001లో కమిషన్ తప్పుపట్టింది. 2006లో బ్రెజిల్ చేసిన గృహహింస చట్టాన్ని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. జెస్సికా విషయంలోనూ 2011లో కమిషన్ అదే దారిలో నడిచింది. ప్రమాదం ఉందని తెలిసీ కాపాడేందుకు తగిన శ్రద్ధ చూపకపోవడం ప్రభుత్వం చేసిన హక్కుల ఉల్లంఘన అని తేల్చింది. పిల్లలు ఎప్పుడు, ఎలా చనిపోయారో సరిగా దర్యాప్తు చేయనందుకూ తప్పుపట్టింది.

కమిషన్ మాటను అమెరికా చేత బలవంతంగా పాటింపజేసే మార్గం లేదు. కానీ అదే ఏడాది అక్టోబరులో ఆ దేశంలోని సిన్సినాటి నగర కౌన్సిల్ గృహహింస నుంచి విముక్తి మానవ హక్కని తీర్మానించింది. మరికొన్ని నగరాలూ అదే బాట పట్టాయి. తీర్మానం చట్టం కాదు, దాన్ని చూపించి ఎవరినీ జైల్లో పెట్టలేం. అయినా అది ఉత్త కాగితమని నేననుకోను. ఆశ్రయ గృహాలకు నిధులు కోసినప్పుడు మీరే రాసుకున్న మాట ఏమైందని కౌన్సిల్‌ను నిలదీయడానికి పనికొస్తుంది.

మన 2005 గృహహింస చట్టం ఈ విషయంలో ఒక అడుగు ముందే ఉంది. గృహహింస మానవ హక్కుల సమస్య అని ఆ బిల్లు ఉద్దేశాల్లోనే రాశారు. రక్షణ ఉత్తర్వును మీరినవారికి 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఉత్తర్వులో మేజిస్ట్రేటు అప్పగించిన పనిని సరైన కారణం లేకుండా చేయని రక్షణ అధికారికీ 33వ సెక్షన్ కింద సరిగ్గా అంతే శిక్ష. అయితే ఆ అధికారి మీద కేసు నడపాలంటే ముందు రాష్ట్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన అధికారో అనుమతించాలని 34వ సెక్షన్ మెలిక పెట్టింది.