కొర్రమీను కుంటలో పారిశుద్ధ్య జీవుల ఎంపిక

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లరేగడి నేలల్లో నీరు ఇంకిపోవడం తక్కువ. అందువల్ల కె.సి. కాలువ ఆయకట్టులోని సేద్యపు కుంటలు కొర్రమీను పెంపకానికి అనువైనవి. అయితే కాలువ కట్టిన నెలల్లో కొత్త నీరు దొరకదు. మిగిలిన మేత, విసర్జితాలు అడుగున కుళ్లుతాయి. వాటిని తినడానికి వదిలిన జీవులు మాంసాహారి అయిన కొర్రమీనుకే ఆహారమయ్యే ప్రమాదముంది. ఉప్పునీటి అక్వేరియంలో ఆక్టోపస్‌ను పెంచేవారికీ ఇదే చిక్కు. శుభ్రతకై వేసిన పీతలను, నత్తలను అది వేటాడి తింటుంది.

అడుగున మేసే ఎర్రమోసు ఈ పనికి తగినది. కొర్రమీను నోట పట్టనంత పెరిగిన చేపలనే వదలాలి. వేలెడు పిల్లలు వృథా. తరచు విస్మరించే అంశం మరొకటి ఉంది. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు, మోసుకు ఆ శక్తి లేదు. తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గితే ముందు చచ్చేది శుభ్రపరిచే చేపే. దాని కళేబరం మురికిని మరింత పెంచుతుంది. కనుక మోసుల సంఖ్య పరిమితంగా ఉండాలి. ఆ వేళ అవి పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే వెంటనే నీటిని చిలకరించి గాలి కలిసేలా చేయాలి.

నీటిని వడగట్టే ఆలుచిప్పలకు గట్టి పెంకే రక్షణ. నత్తల విషయం వేరు. పశువులకు సోకే కార్జపు జలగలు లిమ్నియా నత్తల్లోనే కొంత దశ గడుపుతాయి. పశువులు త్రాగే కుంటలో ఆ నత్తలు తగవు. వాటిని చంపడానికి మైలుతుత్తం వాడితే ఆలుచిప్పలూ చస్తాయి.

గాజు తొట్టెల్లో పాచి తినే దక్షిణ అమెరికా సక్కర్ చేపను మాత్రం కుంటలో వదలరాదు. ఆంధ్రప్రదేశ్ జలాశయాల్లో అది ఇప్పటికే బెడదగా మారింది. కుంట పొంగితే అది కాలువలోకి చేరుతుంది.