నీలి మంట పసుపు తిరిగితే

చలిదేశాల్లో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసుతో సూరత్‌కు పనిలేదు. ఇక్కడ ఇళ్లలో కొలిమి అంటూ ఉంటే అది స్నానాలగది గోడకు వేలాడే గ్యాస్ గీజరే. లింబాయత్ వైపు మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఇరుకు వాటాలు తెలుసు, వాటిలో స్నానాలగది ఎంతుంటుందో కూడా తెలుసు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ గీజరు 1868లో లండన్‌లో పుట్టింది. బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ తయారు చేశాడు. నీళ్లు వేడెక్కేవి గానీ, పొగ బయటికి పోయే గొట్టం లేదు. మండిన వాయువంతా స్నానం చేసే మనిషి చుట్టూనే తిరిగేది. ఆ గొట్టం తర్వాత వచ్చింది. మన దగ్గర చాలా ఇళ్లలో దాన్ని బిగించకుండానే గీజరు వాడేస్తున్నారు. అంటే 1868లోనే ఉన్నామన్నమాట.

లెక్క చూడండి. నిమిషానికి ఆరు లీటర్ల నీటిని పాతిక డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు 20 లీటర్ల పైపు గ్యాస్ కావాలి. అది పూర్తిగా మండాలంటే దానికి పదింతల గాలి, అంటే 200 లీటర్లు కావాలి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి దాదాపు 8,000 లీటర్లు. తలుపు, కిటికీ బిగించి పది నిమిషాలు నీళ్లు వదిలితే ఆ గాలిలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతు ఖర్చయిపోతుంది. ఆక్సిజన్ తగ్గిన మంట కార్బన్ డయాక్సైడు బదులు కార్బన్ మోనాక్సైడును ఎక్కువగా వదులుతుంది. పైపు గ్యాస్ లీకైతే పసిగట్టడానికి ఘాటు వాసన కలుపుతారు. మోనాక్సైడుకు వాసనే లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల బరువెక్కుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, కాళ్లలో సత్తువ పోతుంది. గడియ తీయాలని తోచేసరికి చెయ్యి లేవదు.

అయితే గీజరు తన జబ్బు ముందే చెబుతుంది. 1855 ప్రాంతంలో బున్సెన్ బర్నర్ నేర్పిన పాఠం ఇది: గ్యాస్‌లో గాలి ముందే సరిగా కలిస్తే మంట నీలంగా, చిన్నగా, స్థిరంగా ఉంటుంది. కలవకపోతే మండని కార్బన్ రేణువులు ఎర్రగా కాలి మంటను పసుపు చేస్తాయి. అవే చల్లారితే మసి. ఆ మసి నీటిని వేడెక్కించే రాగి రెక్కల మధ్య పేరుకుని పొగదారి మూస్తుంది. దారి మూసుకుంటే మోనాక్సైడు పెరుగుతుంది, మసీ పెరుగుతుంది. కాబట్టి గీజరు పైభాగం నల్లబడినా, రంగు పొంగినా తుడిచేసి ఊరుకోవద్దు. కుళాయి తిప్పిన వెంటనే కాక కాస్త ఆగి ‘భగ్గు’మని అంటుకుంటే మంట వెలిగించే సెల్లు బలహీనపడి ఉండవచ్చు, లేదా బర్నర్‌లో దుమ్ము చేరి ఉండవచ్చు. ఆ కాస్త ఆలస్యంలో పేరుకున్న గ్యాసే ఆ చప్పుడుకు కారణం.

సిలిండరు నుంచి పైపు గ్యాస్‌కు మారినప్పుడు బర్నర్‌లో గ్యాస్ వదిలే జెట్లు మార్చాల్సిందే. రెండిటి రంధ్రాలూ వేరు. తిరిగి సిలిండరుకు వచ్చినా అంతే: పైపు గ్యాస్ జెట్టుతో సిలిండరు గ్యాస్ వాడితే మంట పసుపు తిరగడం ఖాయం.

గ్యాసూ మారుతోంది. సూరత్ దగ్గరి కవాస్‌లో ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ ఇళ్లకు వెళ్లే గ్యాస్‌లో 2023 జనవరి నుంచి హరిత హైడ్రోజన్ కలుపుతున్నారు. మొదట 5 శాతం. దేశంలో ఇదే మొదటిది. హైడ్రోజన్‌లో కార్బన్ లేదు కాబట్టి ఆ మేరకు మోనాక్సైడు పుట్టదు. మిగతాదంతా మాత్రం పాత గ్యాసే.

మంట పసుపైనా, స్నానం చేస్తుండగా తలనొప్పి వచ్చినా నీళ్లు కట్టేసి, గ్యాస్ వాల్వు మూసి, తలుపు తీసి బయటికి వచ్చేయండి. ఎవరైనా లోపల పడిపోతే ముందు గాలిలోకి లాగి 108కి ఫోన్ చేయండి. అసలు గీజరును బాల్కనీకి మార్చి, వేడినీటి పైపును మాత్రమే లోపలికి తెచ్చుకోండి. అది కుదిరేదాకా బకెట్టు నింపి, గీజరు కట్టేసి, ఆ తర్వాతే స్నానానికి వెళ్లండి.