నాలుగు డాలర్ల జల్లెడ

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళు కొనే మొదటి పెద్ద వస్తువు పాత కారు. దానికి వేల డాలర్లు పోస్తాం. ఆయిల్ ఫిల్టర్ దగ్గరకొచ్చేసరికి నాలుగు డాలర్లు ఎక్కువంటే వెనకాడతాం. పైకి అన్నీ ఒకేలాంటి రేకు డబ్బాలు. తేడా అంతా లోపలే.

ఒకటి, వడగట్టే పొర. తరచూ ఆయిల్ మార్చేవారికి కాగితం పొర చాలు. సింథటిక్ ఆయిల్ పోసి ఎక్కువ మైళ్ళు నడిపేవారికి సింథటిక్ పొర మేలు.

రెండు, ఇంజన్ ఆపాక నూనె వెనక్కి జారిపోకుండా ఆపే రబ్బరు వాల్వ్. మామూలు రబ్బరు కాలక్రమంలో బిరుసెక్కుతుంది, సిలికాన్ ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. మిన్నెసోటా చలిలాంటి చోట ఈ తేడాకి విలువ ఎక్కువ.

మూడు, బైపాస్ వాల్వ్. పొర పూడుకుపోతే వడగట్టకుండానైనా నూనె పంపుతుంది. అసలు నూనే లేకపోవడం కన్నా మురికి నూనె నయం కదా! అది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలో ఇంజన్‌ని బట్టి మారుతుంది. అందుకే మరలు కుదిరాయని ఏదో ఒకటి బిగించకండి, మీ కారుకి చెప్పిన నంబరే చూసుకోండి.

కంపెనీ ఫిల్టర్ వాడకపోతే వారంటీ పోతుందంటే బెదరక్కర్లేదు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం ఆ ఒక్క కారణంతో తీసేయడం కుదరదు. రసీదులు మాత్రం దాచుకోండి.

చివరగా, పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుపోయిందేమో చూడండి. రింగు మీద రింగు పడితే నూనె కారిపోయి ఇంజనే పోతుంది.