‘శుభం’ కార్డు పడటానికి రెండున్నరేళ్ళు!

తెలుగు సినిమాలో డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారంటే ఏమిటర్థం? నేల క్లాసు నుంచి బాల్కనీ దాకా అందరికీ తెలుసు. ఆ పాత్రకి ఇక రోజులు దగ్గరపడ్డాయని! ‘ప్రేమాభిషేకం’ (1981)లో అక్కినేనికి కేన్సర్. ‘గీతాంజలి’ (1989)లో నాయకుడికీ, నాయికకీ ఇద్దరికీ ప్రాణాంతకమైన జబ్బులే. ఇక ‘మాతృదేవోభవ’ (1993) సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్లడ్ కేన్సర్ వచ్చిన తల్లి, తను పోయేలోగా పిల్లల్ని ఒక్కొక్కరినే పరాయి ఇళ్ళకి అప్పగిస్తూ ఉంటే, మాధవిని చూసి ఏడవని ఆడవాళ్ళు ఆంధ్రదేశంలో లేరంటే అతిశయోక్తి కాదు.

నేను సినిమాల మీద రాసుకుని బతికేవాణ్ణి. ఆ చిత్రాలంటే ఇప్పటికీ గౌరవమే. అయితే వాటి వల్ల మా ఇంట్లో ఒక చంటిపిల్ల ప్రాణం మీదకి వచ్చినంత పనయింది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

అర్ధరాత్రి ఫోను

2022 జూన్. మా అక్కావాళ్ళది భీమవరం దగ్గర ఓ పల్లె. బావకి రోడ్డు మీద సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. వాళ్ళకి ఒక్కతే కూతురు. అసలు పేరెందుకు గానీ, చిట్టి అనుకుందాం. అప్పటికి రెండేళ్ళు నిండి రెండు నెలలు.

మూడు వారాలుగా జ్వరం వస్తోంది, పోతోంది. పిల్ల తెల్లగా పాలిపోయింది. ఎక్కడా పడకుండానే కాళ్ళ మీద నీలం మచ్చలు. ఇల్లంతా పరుగులు పెట్టే పిల్ల నేల మీద కాలు మోపనంది. దింపితే చాలు, చేతులు చాచి “ఎత్తుకో, ఎత్తుకో” అని ఏడుపు. పళ్ళొస్తున్నాయన్నారు, దిష్టి తగిలిందన్నారు. చివరికి రక్తపరీక్ష చేయించిన డాక్టరు, ఈ రాత్రికే హైదరాబాదు తీసుకెళ్ళమన్నాడు.

పదకొండు దాటాక బావ ఫోను. “ఒరేయ్, బ్లడ్ కేన్సరేమో అంటున్నార్రా. ఆ సినిమాలో వచ్చిందే... అదే.”

“ధైర్యంగా ఉండు బావా” అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు. ఆ మాట కూడా ఏదో సినిమాలోదే. ఫోను పెట్టేశాక, నిజం చెబుతున్నాను, నేను పిల్ల బతుకుతుందనుకోలేదు. కేన్సర్ అన్న మాట విని, ఆ తర్వాత సీను ఏమిటో నాకు ముందే తెలిసిపోయినట్టు కూర్చున్నాను.

కళ్ళజోడు తియ్యని డాక్టరమ్మ

హైదరాబాదులో నడుములోంచి సూదితో మూలుగ తీసి పరీక్ష చేశారు. జబ్బు పేరు ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా. పిల్లలకి వచ్చే కేన్సర్లలో ఇదే ఎక్కువట. రెండు నుంచి అయిదేళ్ళ వయసులో ఎక్కువగా పట్టుకుంటుందట. అక్క తిండి సరిగా పెట్టకపోవడం వల్ల గానీ, ఎవరో చూడటం వల్ల గానీ వచ్చింది కాదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తియ్యలేదు. ఒక తెల్లకాగితం తీసి గీతలు గీసింది. మొదటి నెల మందులు గట్టిగా ఉంటాయి. ఆ తర్వాత కొన్ని నెలలు ఇంకో రకం. ఆ పైన రోజూ రాత్రి మాత్ర, వారానికోసారి ఇంకో మాత్ర. మొత్తం రెండున్నరేళ్ళు. “ఇది నయమయ్యే జబ్బు. బాగా వైద్యం దొరికే దేశాల్లో నూటికి తొంభైమంది పిల్లల దాకా బతుకుతున్నారు. కానీ మధ్యలో ఆపేస్తే మాత్రం నేనేం చెయ్యలేను” అంది.

బావ వినలేదు. ఆయన చెవులకి ‘కేన్సర్’ దగ్గరే సౌండ్ ఆగిపోయింది.

“ఏ ఊరండీ మీది?” అని అడిగిందావిడ. భీమవరం పక్కన అన్నాడు బావ.

“మీ పాపకిచ్చే మందుల్లో ఒకటి మీ ఊరాయన పుణ్యమేనండీ!”

ఆయనెవరో తెలుసా పాఠకమిత్రులారా? యల్లాప్రగడ సుబ్బారావు! 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో పనిచేశారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందునే బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా పిల్లలకిచ్చి చూశాడు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పదహారుమంది పిల్లల్లో పదిమందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్నాళ్ళే అనుకోండి, తర్వాత తిరగబెట్టింది. అయినా ఆ జబ్బు మందుకి లొంగుతుందని లోకానికి తెలిసింది అప్పుడే. అదే ఏడాది సుబ్బారావుగారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కి తోబుట్టువులాంటి మెథోట్రెక్సేట్‌నే చిట్టికి వెన్నులోకి సూదితో ఎక్కించారు, తర్వాత మాత్రలుగా మింగించారు. ఇంత కథ ఉన్న మనిషి మీద మనవాళ్ళు ఓ భారీ చిత్రం ఎందుకు తియ్యరో నాకర్థం కాదు!

కృష్ణానగర్‌లో మకాం

మకాం నా గదిలోనే. కృష్ణానగర్ అంటే మీకు తెలుసుగా, జూనియర్ ఆర్టిస్టులూ, ఫైటర్లూ, అవకాశాల కోసం వచ్చిన కుర్రాళ్ళూ ఉండే పేట. వైద్యం ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీ కార్డు మీద గడిచింది. తక్కిన ఖర్చులకి కార్డు లేదుగా! కొట్టు మూతబడింది. అక్క గాజులు తాకట్టుకి వెళ్ళాయి.

నా గది ఆస్పత్రి వార్డయిపోయింది. నీళ్ళు కాచి చల్లార్చాలి. పచ్చివి పెట్టకూడదు. చెప్పులు గుమ్మం బయటే. చేతులు కడుక్కోకుండా పిల్లని ముట్టుకుంటే అక్క ఊరుకునేది కాదు. మందుల వల్ల ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు చిన్న జ్వరం కూడా పెద్ద ప్రమాదమే. నూట ఒకటి చూపించిందంటే ఆటో పిలవాల్సిందే, రాత్రి రెండయినా సరే.

స్టెరాయిడ్ మాత్రలు ఇంకో తమాషా. మొహం పూర్ణం బూరెలా ఉబ్బింది. అర్ధరాత్రి లేచి “ఇడ్లీ” అని గోల. అయిదు తినేసి, ఇంకా కావాలని ఏడుపు! మా అక్క రాత్రుళ్ళు కూడా పిండి రుబ్బి ఉంచేది. పిల్లకి ఫోనులో ఒకే ఒక్క పాట కావాలి. రోజుకి నలభై సార్లు. ఆ పాట మీద నేను సమీక్ష రాస్తే ఏం రాసేవాణ్ణో ఆ దర్శకుడికి తెలియకపోవడమే మంచిది.

జుట్టు ఊడిపోయింది. బస్సులో ఎవరో పెద్దావిడ నున్నటి గుండు చూసి “తిరుపతి వెళ్ళొచ్చారా అమ్మా?” అని అడిగింది. అక్క ఒక్క క్షణం ఆగి “ఆఁ, తిరుపతేనండీ” అంది. ఆ తర్వాత ఎవరడిగినా అదే జవాబు.

“ఇంటికి తీసుకుపోదాం రా”

ఇరవయ్యో రోజున అసలు గండం వచ్చింది. నూట మూడు జ్వరం. నోట్లో పుళ్ళు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు లక్షన్నరకి పైగా ఉండాల్సిందల్లా ఎనిమిది వేలకి పడిపోయాయి. ముక్కులోంచి రక్తం.

ఆ రోజే ఊరినుంచి బావ వాళ్ళమ్మ, మా అత్తయ్యగారు వచ్చారు. ‘మాతృదేవోభవ’ని హాల్లో మూడుసార్లు చూసిన మనిషి. మనవరాలి ముక్కుకింద రక్తం చూడగానే ఆవిడకి కాళ్ళాడలేదు. వరండాలోకి వచ్చి కొడుకు చెయ్యి పట్టుకున్నారు.

“ఒరే నాన్నా, ఎందుకురా ఈ సూదులు? పోయే ప్రాణాన్ని చిత్రహింస పెడతారెందుకు? ఇంటికి తీసుకుపోదాం రా. నా ఒళ్ళో పోనీ.”

బావ మాట్లాడలేదు. ఆయన కళ్ళు చూస్తే నాకు భయం వేసింది. ‘సరే’ అనేసేట్టున్నాడు. నేను? సినిమాలు చూసి చూసి, నాకూ లోపల్లోపల ఆవిడ చెప్పిందే నిజమనిపిస్తోంది. ఒక్క అక్క మాత్రం తలుపుకి అడ్డంగా నిలబడింది. “అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. డాక్టరమ్మ నయమవుతుందంది. కాదని ఆవిడ చెప్పేదాకా నేను కదలను.”

అప్పుడు వచ్చాడు ఆ కుర్రాడు. మూడు చక్రాల సైకిలు మీద వరండాలో ఇటునుంచి అటు. అయిదేళ్ళుంటాయేమో, ఒత్తయిన క్రాఫు. నోటితో హారన్ కొడుతూ అత్తయ్యగారి కాలిమీద నుంచే పోనిచ్చాడు. వెనకాలే వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి క్షమించమంది.

“ఎవరి పిల్లాడమ్మా? ఈ వార్డులోకి పిల్లల్ని తేకూడదు కదా” అన్నారు అత్తయ్యగారు.

“వీడూ ఇక్కడి పేషెంటేనండీ. ఇదే జబ్బు. వచ్చే నెలతో మందులు ఆపేస్తారు. మేమూ ఈ వరండాలోనే ఏడ్చాం.”

అత్తయ్యగారు వాణ్ణి దగ్గరకి తీసుకుని తల నిమిరారు. జుట్టు పట్టుకుని చూశారు, నిజమైనదేనా అన్నట్టు. కాస్సేపటికి కళ్ళు తుడుచుకుని “రక్తం ఎక్కించాలన్నారు కదరా, ఎవర్నైనా పిలిచారా?” అన్నారు.

రక్తం పంచుకున్న అభిమానులు

ప్లేట్‌లెట్లు అయిదు రోజులకి మించి నిలవ ఉండవు. ముందే దాచిపెట్టుకునే వస్తువు కాదు. ఎప్పటికప్పుడు మనిషి వచ్చి కూర్చోవాల్సిందే.

మా పేటలో కబురు పెట్టాను. ముందుగా వచ్చింది ఒక ఫైటర్. తెర మీద హీరో చేతిలో తన్నులు తిని గాల్లో ఎగిరిపడే మనిషి. “రోజూ ఉత్తుత్తి రక్తం కారుస్తున్నాం కదన్నా, ఓసారి నిజంది ఇద్దాం” అన్నాడు. తర్వాత భీమవరం నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న ఇద్దరు కుర్రాళ్ళు. ఒకరిది ఒక హీరో అభిమాన సంఘం, రెండోవాడిది ఎదుటి హీరోది. ఊళ్ళో ఒకరి ఫ్లెక్సీ ఒకరు చించుకున్న చరిత్ర ఉంది! పక్కపక్క కుర్చీల్లో చేతికి సూదులు పెట్టుకుని గంటకు పైగా కూర్చున్నారు. అంతసేపూ ఎవరి సినిమా కలెక్షన్లు నిజమో వాదించుకుంటూనే ఉన్నారు. ఇద్దరి ప్లేట్‌లెట్లూ ఒక్క పిల్లలోకే వెళ్ళాయి.

నాలుగో రోజుకి జ్వరం దిగింది. నెల తిరిగాక చేసిన మూలుగ పరీక్షలో చెడ్డ కణాలు కనిపించలేదు. సినిమా అయితే ఇక్కడ పాట పెట్టి ‘శుభం’ వేసేద్దురు. మందులు మాత్రం ఇంకా రెండేళ్ళ పైచిలుకు మిగిలే ఉన్నాయి. కనబడకుండా దాక్కున్న కణం ఒక్కటున్నా తిరగబెడుతుందట. పిల్ల బాగానే ఉంది కదా అని మానేసే వాళ్ళకే ఎక్కువ ముప్పు.

ఆ రెండేళ్ళూ మాత్రల బాధ్యత తీసుకున్నది ఎవరనుకున్నారు? అత్తయ్యగారే! గోడమీద తిథుల కేలండర్లో వేసిన మాత్రకల్లా ఒక సున్నా చుట్టేవారు. పెరట్లోని బిళ్ళగన్నేరు మొక్క నుంచే చిట్టికిచ్చే విన్‌క్రిస్టిన్ ఇంజక్షను వస్తుందని విని, ఆవిడ ఆ మొక్కకి దణ్ణం పెట్టడం మొదలెట్టారు. ఆకు రసం తాగించమని ఎవరో సలహా ఇస్తే మాత్రం డాక్టరమ్మ గట్టిగా కేకలేసింది. ఆ ఆకు పచ్చిది విషమే. మందయ్యేది ఫ్యాక్టరీలో శుద్ధి చేసి, కొలత ప్రకారం ఎక్కించినప్పుడే.

2024 డిసెంబరులో ఆఖరి మాత్ర. ఆ రోజు కేలండర్లో అత్తయ్యగారు సున్నా చుట్టలేదు, పసుపు బొట్టు పెట్టారు. పరీక్షలకి ఇప్పటికీ వెళ్ళి రావాలి, అలా కొన్నేళ్ళు. అక్క గాజులు ఇంకా పూర్తిగా విడిపించుకోలేదు. ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, ఆ ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు.

మీతో ఒక మాట

పిల్లల్లో వారాల తరబడి జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు, కాళ్ళ నొప్పులు కనిపిస్తే ఒక రక్తపరీక్ష చేయించండి. చాలామందికి ఏమీ ఉండదు. ఉన్నవాళ్ళకి మాత్రం ఆ రోజులు విలువైనవి. పద్దెనిమిదేళ్ళు నిండి, యాభై కిలోలు తూగి, ఆరోగ్యంగా ఉన్న అభిమాన సోదరులారా! మీ హీరో పుట్టినరోజు దాకా ఆగకండి. దగ్గర్లోని బ్లడ్ బ్యాంకులో పేరూ, గ్రూపూ రాయించి రండి.

మొన్న వేసవిలో అందరం చిన్న తిరుపతి వెళ్ళాం. రెండేళ్ళ కింద మొక్కుకున్న మొక్కు. భుజాల దాకా పెరిగిన జుట్టు ఇవ్వడానికి చిట్టి ఒప్పుకోలేదు. ఐస్‌క్రీం మీద రాజీ కుదిరింది. తిరుగు బస్సులో కండక్టరు గుండు మీద మెల్లగా మొట్టి, “ఏం పాపా, చిన తిరపతేనా?” అన్నాడు.

అక్క నావైపు చూసింది. “ఆఁ, తిరుపతేనండీ” అంది. ఈసారి ఆ మాట అనడానికి ఆగలేదు.