రంగు పడుద్ది... ఊకకు!

మీకు తెలుసా? కృత్రిమ రంగుల పరిశ్రమకు శ్రీకారం చుట్టినవాడి వయసు 18 ఏళ్లే! 1856లో లండన్ కుర్రాడు విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ చేయబోతే ఊదారంగు తేలింది. మందు కుదరలేదు, జేబు మాత్రం నిండింది!

కొన్ని అద్దకం రంగులు లీటరు నీళ్లలో ఒక్క మిల్లీగ్రామున్నా కంటికి దొరికిపోతాయి, తెలుసా? ఇంత నిజాయితీ గల కాలుష్యం ఇంకోటుందా!

2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో తిరుప్పూరులో ఎన్ని అద్దకం యూనిట్లు మూతపడ్డాయో తెలుసా? 700కు పైగా! వాటి మురుగు నొయ్యల్ నదిలో కలుస్తోందని. టీషర్టుకు మెరుపు, నదికి మరక!

మీకు తెలుసా? మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు మందు కూడా! మెథమోగ్లోబినీమియా అనే రక్త సమస్యకు ఇస్తారు. పుచ్చుకుంటే మూత్రం ఆకుపచ్చగానో నీలంగానో వస్తుంది. ముందే చెప్పకపోతే గుండె జారదూ!

ఈ మిథిలీన్ బ్లూ అణువుకు ధనావేశం. వరి ఊకకు, రంపపు పొట్టుకు, కొబ్బరిపీచుకు నీళ్లలో సాధారణంగా రుణావేశం. కలిపారా, రంగు వెళ్లి పొట్టుకు అంటుకుంటుంది. ఇదే అధిశోషణం. జాతకాలు చూసే పనే లేదు!

బొగ్గు రంగును విరుస్తుందని ఎప్పుడు కనిపెట్టారో తెలుసా? 1785లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టోబియాస్ లోవిట్జ్. బొగ్గును కడిగితే తెల్లబడదు గానీ, బొగ్గుతో కడిగితే నీళ్లు తేటపడతాయి!

కొబ్బరి చిప్పతో చేసిన ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాము తీసుకోండి. దాని సన్న రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు. అంటే పాతిక సెంట్లు! రియల్ ఎస్టేటు వాళ్లకు చెప్పకండి!

మరి రంగు పట్టడానికి నీళ్లలో కలిపిన ఊక పొడినో, బొగ్గు పొడినో తిరిగి ఏరేదెలా? సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్‌ ద్రావణంలో పొడి కలిపి, కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి చుక్కలుగా వదిలితే బూందీ దూసినట్టు పూసలు కడతాయి. నోట్లో వేసుకోకండి, అవి రంగుల కోసం!

ఇంకో చిట్కా మీకు తెలుసా? ఊక బొగ్గుకు మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడ్ పట్టిస్తారు. అయస్కాంతం చూపిస్తే చాలు, మింగిన రంగుతో సహా పరుగెత్తుకొస్తుంది. జల్లెడకు సెలవు!

బురదనీళ్లు తేర్చే మన చిల్లగింజకు విషముష్టి దగ్గరి చుట్టమని తెలుసా? రెండూ స్ట్రిక్నోస్ ప్రజాతివే. ఒకటి ప్రాణం తీస్తుంది, ఇంకోటి దాహం తీరుస్తుంది! చిల్లగింజను రంగునీళ్ల మీదా పరీక్షించారు.

చివరి ప్రశ్న. ఊక పట్టుకున్న రంగు మాయమైందా? లేదు, అడ్రసు మారిందంతే! మిథిలీన్ బ్లూ పట్టిన పొట్టును పలుచటి ఆమ్లంతో కడిగితే రంగు చాలావరకు ఊడొస్తుంది, పొట్టు మళ్లీ డ్యూటీ ఎక్కుతుంది. మరి ఆ కడిగిన రంగునేం చేయాలంటారా? అది మీకు హోంవర్క్!