ద్వీపయాత్ర: లక్షద్వీపాలలో ఒక వారం

భూమిపై సంచరించి చూడవలసినదిగా దివ్య ఖుర్ఆన్ పలు సందర్భాలలో మానవుణ్ణి ప్రోత్సహించింది. ఆ సంచారం కేవలం కాలక్షేపం కోసం కాదు. సృష్టిని పరికించి, గత జాతుల చరిత్రను గ్రహించి, గుణపాఠం పొందడం కోసం. ఇస్లామీయ ధర్మశాస్త్ర గ్రంథాలలో ప్రయాణికుని గురించి ప్రత్యేక అధ్యాయాలు వుండడానికి కారణం కూడా ఇదే. ప్రయాణికునికి కొన్ని సడలింపులు ఉన్నాయి, కొన్ని బాధ్యతలూ ఉన్నాయి. సడలింపులు చాలామందికి తెలుసు. బాధ్యతలే మరుగున పడుతున్నవి.

సెలవులకు సముద్ర ద్వీపాలకు వెళ్ళే అలవాటు ఇటీవల మధ్యతరగతి కుటుంబాలలో పెరిగింది. 2024 జనవరిలో ప్రధానమంత్రి లక్షద్వీపాలను సందర్శించిన తరువాత ఆ ద్వీపాల పేరు దేశమంతటా మారుమ్రోగింది. ముస్లిం పాఠకులకు ఆ ద్వీపాలు మరొక విధంగా కూడా ఆసక్తికరమైనవి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 64,473 మంది. వారిలో నూటికి 96 మందికి పైగా ముస్లిములు. అక్కడ ఒక వారం గడపదలచిన కుటుంబం ముందుగా ఏయే విషయాలు తెలుసుకోవాలో, ఏ ఏర్పాట్లు చేసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ద్వీపాల స్వరూపం

కేరళ తీరానికి పడమరగా, కొచ్చి నుండి సుమారు 220 కిలోమీటర్లు మొదలుకొని 440 కిలోమీటర్ల దూరం వరకు ఈ ద్వీపాలు అరేబియా సముద్రంలో చెదరివున్నవి. మొత్తం భూభాగం 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అగత్తి, అమిని, ఆంద్రోత్, బిత్ర, చెత్లాత్, కద్మత్, కల్పేని, కవరత్తి, కిల్తాన్, మినికాయ్ అనే పది ద్వీపాలలోనే జనం నివసిస్తున్నారు. వీటిలో బిత్ర ఎంత చిన్నదంటే, 2011లో అక్కడి జనాభా 271 మంది.

ఇవి పగడపు జీవులు వేల సంవత్సరాలుగా కట్టిన దిబ్బలపై ఏర్పడిన ద్వీపాలు. సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు ఉండవు. కొండలు లేవు, నదులు లేవు. చాలా ద్వీపాలకు ఒకవైపున పగడపు దిబ్బ గోడవలె నిలిచి అలలను ఆపుతుంది. దాని లోపల నిశ్చలమైన, లోతు తక్కువైన నీరు సరస్సువలె పరచుకొని ఉంటుంది.

1956 నవంబరు 1న ఈ ద్వీపాలు కేంద్రపాలిత ప్రాంతమైనవి. 1964లో పాలనా కేంద్రం కోజికోడ్ నుండి కవరత్తికి మారింది. లక్షద్వీపం అనే పేరు 1973లో వచ్చింది.

ఇస్లాం రాక, సమాజం

హిజ్రీ 41వ సంవత్సరంలో హజ్రత్ ఉబైదుల్లాహ్ అనే పుణ్యపురుషుడు జిద్దా నుండి ఓడలో బయలుదేరగా, ఓడ పగిలి అమిని ద్వీపానికి చేరుకున్నారని, ఆయన ద్వారానే ఇస్లాం ఇక్కడ వ్యాపించిందని ద్వీపవాసుల సంప్రదాయ కథనం. ఆయన సమాధి ఆంద్రోత్‌లో ఉన్నది. అరబ్బు నావికుల రాకపోకల వల్లను, మలబారు తీరంతో గల సంబంధాల వల్లను ఇస్లాం క్రమంగా, ఇంకా తరువాతి కాలంలో వ్యాపించిందని భావించే చరిత్రకారులూ ఉన్నారు. కవరత్తిలోని ఉజ్రా మసీదు కొయ్య చెక్కడపు పనికి పేరుపొందినది. దాని పైకప్పు సముద్రంలో కొట్టుకువచ్చిన మానుతో చెక్కినదని స్థానికులు చెబుతారు.

కన్ననూరు అరక్కల్ వంశీయులు శతాబ్దాలపాటు ఈ ద్వీపాలను పాలించారు. 1787లో అమిని సమూహంలోని ద్వీపాలు టిప్పు సుల్తాన్ ఏలుబడిలోకి వచ్చి, 1799లో ఆయన అమరుడైన పిమ్మట ఈస్టిండియా కంపెనీ వశమైనవి.

ఇక్కడి సమాజంలో ఒక విశేషం ఉన్నది. వంశం తల్లి ద్వారా లెక్కింపబడుతుంది. తరతరాలుగా వచ్చే ఉమ్మడి ఆస్తిని ‘శుక్రవారపు ఆస్తి’ అంటారు. అది స్త్రీల వంశక్రమంలో సాగుతుంది. స్వయంగా సంపాదించిన దానిని ‘సోమవారపు ఆస్తి’ అంటారు. దానిని షరీఅత్ ప్రకారం పంచుకోవచ్చును. పాత ఆచారాన్ని, ధర్మశాస్త్రాన్ని పక్కపక్కనే నిలుపుకొన్న ఈ పద్ధతిని గూర్చి వాదించడానికి కాక, తెలుసుకోవడానికి వెళ్ళడమే అతిథికి తగినది. మినికాయ్ భాష, దుస్తులు, ఊరి కట్టుబాట్లు మాల్దీవుల వారికి దగ్గరగా ఉంటాయి. అక్కడ మహల్ భాష మాట్లాడతారు. తక్కిన ద్వీపాలలో మలయాళ మాండలికమైన జెసెరి వాడుకలో ఉన్నది.

అనుమతి, ప్రయాణం

లక్షద్వీపాలకు టిక్కెట్టు కొనుక్కొని నేరుగా వెళ్ళడం కుదరదు. స్థానిక జనులు షెడ్యూల్డు తెగలుగా గుర్తింపబడినవారు. వారి భూమికి, జీవనానికి రక్షణగా 1967 నాటి నిబంధనల ప్రకారం బయటివారు ప్రవేశానుమతి పొందవలసి ఉన్నది. దీనిని ఇబ్బందిగా భావించరాదు. ఇతరుల ఇంటిలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదని నేర్చుకున్న సమాజానికి ఈ నియమం కొత్తది కాదు. గుర్తింపు పత్రాలు సిద్ధం చేసుకొని, కనీసం రెండు నెలల ముందుగా దరఖాస్తు ప్రయత్నం మొదలుపెట్టడం మంచిది. ప్రభుత్వ పర్యాటక సంస్థ ‘స్పోర్ట్స్’ కార్యాలయం కొచ్చిలో ఉన్నది.

నౌకలు కొచ్చి నుండి బయలుదేరుతాయి. ద్వీపాన్ని బట్టి ప్రయాణం 14 నుండి 18 గంటలు పడుతుంది. ఏడువందల మందిని మోయగల ‘కవరత్తి’ నౌక విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైనదని తెలుగువారు గుర్తుంచుకోదగిన విషయం. విమానాశ్రయం అగత్తిలో మాత్రమే ఉన్నది. అది 1988లో ప్రారంభమైనది. అక్కడి నుండి ఇతర ద్వీపాలకు ప్రధానంగా పడవలే ఆధారం.

అక్టోబరు నుండి మే మొదటి వారాల వరకు యాత్రకు అనువైన కాలం. ఆ తరువాత నైరుతి ఋతుపవనాల వల్ల సముద్రం కల్లోలంగా ఉంటుంది. రమజాన్ మాసం ఈ నెలలలో వచ్చినట్లయితే, పగటిపూట భోజనశాలలు మూసివుంటాయని గ్రహించి తేదీలు నిర్ణయించుకోవాలి.

వారం రోజుల పంపకం

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఏడు రోజులనూ ద్వీపాలకే కేటాయించి, తిరుగు రైలును నౌక దిగే రోజునే పెట్టుకోవడం. గాలివాన వస్తే నౌక ఆలస్యమవుతుంది. అప్పుడు తక్కిన ఏర్పాట్లన్నీ తారుమారవుతాయి. కాబట్టి కొచ్చిలో మొదట ఒక రోజు, చివర ఒక రోజు వదలిపెట్టి, మధ్యలోని ఐదు రోజులను సముద్రానికి, ద్వీపాలకు కేటాయించాలి. ఒంటెను కట్టివేసిన పిమ్మటనే అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధ ఇటువంటి సందర్భాలకే వర్తిస్తుంది.

ఈ ఐదు రోజులను రెండు విధాల గడపవచ్చు. రాత్రులు నౌకలోనే బస చేస్తూ, పగలు కవరత్తి, కల్పేని, మినికాయ్ చూసి వచ్చే యాత్ర ఒకటి. ఒకే ద్వీపంలో దిగి, అక్కడే నిలిచివుండడం రెండవది. వృద్ధులు, పసిపిల్లలు ఉన్న కుటుంబానికి రెండవదే సుఖం. నౌక నుండి చిన్న పడవలోకి దిగడం కొన్నిచోట్ల కష్టమైన పని. కడుపులో తిప్పకుండా మందులు, రోజువారీ మందులు పది రోజులకు సరిపడా వెంట ఉంచుకోవాలి. తీవ్రమైన జబ్బు చేసినవారిని హెలికాప్టరులో కొచ్చికి తరలించవలసి వస్తుందని మరువరాదు.

సికింద్రాబాద్ నుండి తిరువనంతపురం వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ ఎర్నాకుళం మీదుగా పోతుంది. ఈ రైలు ప్రయాణపు రోజులను వారానికి వెలుపల లెక్కించుకోవాలి.

నమాజు, ఆహారం

తెలుగు ప్రాంతపు ముస్లిములలో అత్యధికులు హనఫీ మద్హబును అనుసరిస్తారు. లక్షద్వీపవాసులు షాఫిఈలు. ఈ తేడా ముందుగా తెలిసివుంటే అక్కడ కలవరం కలుగదు.

హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ఒకేచోట పదిహేను రోజులకన్న తక్కువ ఉండదలచినవాడు ముసాఫిరే. కనుక వారం రోజుల యాత్రికుడు విడిగా చేసుకున్నప్పుడు జుహర్, అసర్, ఇషా ఫర్జులను రెండేసి రకాతులుగా చేయాలి. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమాము వెనుక నిలిచినప్పుడు మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. షాఫిఈ మద్హబులో వచ్చిన రోజు, పోయే రోజు కాక నాలుగు రోజులు ఉండదలచినవానికి ఖస్ర్ వర్తించదు. ప్రయాణంలో రెండు నమాజులను కలిపి చేయడం షాఫిఈల వద్ద అనుమతింపబడినది. హనఫీల వద్ద అది అరఫాత్, ముజ్దలిఫాలకే పరిమితం.

అక్కడ అసర్ అజాన్ త్వరగా వినిపిస్తుంది. వస్తువు నీడ దాని పొడవుకు సమానం కాగానే అసర్ వేళ ప్రవేశిస్తుందన్నది షాఫిఈల నిర్ణయం. ఇమామ్ అబూ హనీఫా గారి శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల అభిప్రాయం కూడా అదే కనుక, జమాఅతును వదలి విడిగా నిలువవలసిన అవసరం కనిపించదు. ఫజర్‌లో ఇమాము ఖునూత్ చదివితే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఖిబ్లా దిశ విషయంలో జాగ్రత్త అవసరం. హైదరాబాదు నుండి ఖిబ్లా పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటే, కవరత్తి నుండి సుమారు 23 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. నౌక దిశ మారుతూ ఉంటుంది కనుక దిక్సూచి వెంట ఉండాలి. నిలబడడానికి వీలులేనంతగా తల తిరిగితే కూర్చొని నమాజు చేయవచ్చును.

ద్వీపాలలో ప్రధానాహారం సూరచేప, కొబ్బరి, అన్నం. చేప విషయంలో భేదాభిప్రాయం లేదు. అయితే అక్కడివారు ఇష్టంగా తినే ఆక్టోపస్ షాఫిఈల వద్ద ధర్మసమ్మతం. హనఫీల వద్ద జలచరాలలో చేప మాత్రమే ధర్మసమ్మతం. వడ్డించినవారిని నొప్పించకుండా, చేప చాలునని మృదువుగా చెప్పడం మర్యాద. వారి భోజనాన్ని విమర్శించడం మర్యాద కాదు.

మంచినీరు: అసలు పరీక్ష

ద్వీపయాత్రలో అన్నిటికన్న ముఖ్యమైన విషయం నీరు. చుట్టూ సముద్రం ఉన్నా త్రాగేందుకు ఆధారం వాననీరే. ఇసుకలో ఇంకిన వాననీరు, బరువైన ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతూ నిలుస్తుంది. బావులలో అందేది ఈ పొరయే. ఎక్కువగా తోడితే పొర పలుచబడి క్రిందినుండి ఉప్పునీరు పైకి వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి తేరుకోవడానికి ఎన్నో వానలు కావాలి.

ఈ కొరతను తీర్చేందుకు 2005లో కవరత్తిలో సముద్రజలాన్ని మంచినీటిగా మార్చే కర్మాగారం నెలకొల్పబడింది. సుమారు 350 మీటర్ల లోతునుండి తెచ్చిన చల్లని నీటి సహాయంతో, పైభాగపు వెచ్చని నీటిని తక్కువ ఒత్తిడిలో ఆవిరి చేసి చల్లార్చడం దాని పద్ధతి. రోజుకు లక్ష లీటర్లు దాని సామర్థ్యం. 2011 నాటి కవరత్తి జనాభా 11 వేలకు పైగా. అంటే తలకు తొమ్మిది లీటర్లు. ఇటువంటి కర్మాగారాలు 2011లో మినికాయ్, అగత్తిలలో కూడా ఏర్పడినవి.

స్నానపు గదిలో గొట్టం విప్పి పది నిమిషాలు నిలిచిన యాత్రికుడు, పదిమంది ద్వీపవాసుల వాటాను ఒక్కసారిగా పారబోసినట్లే. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసులలో ఉన్నది. ముద్ పరిమాణంపై మద్హబుల లెక్కలలో తేడా ఉన్నప్పటికీ అది ఇంచుమించు లీటరుకు మించనిది. గుస్ల్‌కు నాలుగైదు ముద్‌లు సరిపోయేవి. ఇంటివద్ద పుస్తకాలలో చదివే ఈ సున్నత్ ద్వీపంలో పొరుగువాని హక్కుగా ఎదురవుతుంది. బకెట్టు, చెంబు వాడడం, వుజూకు చిన్న పాత్ర తీసుకోవడం పిల్లలకు సైతం ముందే అలవాటు చేయాలి.

పగడపు దిబ్బల పట్ల కూడా ఇదే బాధ్యత. అవి ప్రాణమున్నవి. సముద్రపు వేడి పెరిగి 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో అవి తెల్లబారి పెద్దఎత్తున దెబ్బతిన్నవి. వాటిపై కాలు మోపరాదు, ముక్కలు ఏరుకొని తేరాదు; అది వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆ దిబ్బ శిథిలమైతే అలలను ఆపే గోడ కూలినట్లే. గోడ కూలితే ద్వీపం నిలువదు.

అతిథి మర్యాద

ఒడ్డున స్నానం చేసేటప్పుడు కూడా సభ్యమైన దుస్తులు ధరించాలి. స్త్రీల, ఇండ్ల ఫొటోలు అనుమతి లేకుండా తీయరాదు. జనావాస ద్వీపాలలో చెత్త వేసేందుకు చోటు తక్కువ. తీసుకువెళ్ళిన ప్లాస్టిక్‌ను తిరిగి కొచ్చికి తెచ్చుకోవాలి. బియ్యం, కూరగాయలు సైతం నౌకలోనే రావలసిన చోట అన్నం పారవేయడం ఎంతటి తప్పో వేరుగా చెప్పనక్కరలేదు.

అప్పు చేసి గాని, ఇంటివారి హక్కులను తప్పించి గాని చేసే విహారంలో శుభం లేదు. స్తోమత కలిగి, సమయం చిక్కి, అనుమతి పొంది వెళ్ళినవాడు తన వెనుక ఉప్పెక్కిన బావిని, విరిగిన పగడాన్ని, నొచ్చుకున్న మనసును విడిచి రాకూడదు. అతడు నౌక ఎక్కిన మరునాడు ఆ బావినుండి నీరు తోడే గృహిణికి అతడు వచ్చిపోయిన జాడ తెలియకుండా ఉంటే, ఆ వారం సద్వినియోగమైనట్లే.